కార్డు అడుగున నాలుగు వరుసలు

మా మనవరాలు ఫోన్ పట్టుకుని సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుందంటే ఏదో ఒక ప్రయాణం తయారవుతోందని అర్థం. పోయిన ఆదివారం అట్లాగే కూర్చుని ఉంది. నేను ఎదురుగా నేల మీద మునగాకు దూస్తున్నాను. పట్టాభిరామ్‌లో మా ఇంటి వెనకే రైలు పట్టాలు. ఒక బండి పోయేదాకా ఆగి, తను తలెత్తింది.

"అమ్మమ్మా, పళవేర్కాడు పక్కన ఒక దీవి ఉండాదంట. చేపలు పట్టేవాళ్లు తప్ప ఇంకెవురూ ఉండరంట. పడవలోనే పోవల్లంట. వచ్చే ఆదివారం పోదామా? ముందే మెసేజ్ పెడితే ఆడ ఒకామె వాళ్లింట్లోనే సాప్పాడు చేసి పెడతాదంట."

పళవేర్కాడంటే పులికాట్. దీవి పేరేమిటని అడిగాను. చెప్పింది. మునగ రెమ్మ నా చేతిలో అట్లాగే ఉండిపోయింది.

ఆ పేరు నేనిక్కడ రాయను. ఊరు చిన్నది, రాస్తే మనుషులెవరో తెలిసిపోతుంది. వాళ్లను ఒకసారి నలుగురిలో నిలబెట్టింది చాలు. ఇన్నేళ్లలో ఆ దీవిని నేను చూడలేదు. కానీ అక్కడికి పోవాలని మా ఇంట్లో నాలుగు నెలలపాటు అనుకున్నన్ని మాటలు, ఆ తర్వాత జరిగిన ఏ పెళ్లికీ అనుకోలేదు.

అప్పుడు మేం ఆరణిలో ఉండేవాళ్లం. పట్టుచీరల ఆరణి కాదు, పెరియపాళయం పక్కనున్న చిన్న ఆరణి. నాకు పన్నెండేళ్లు. ఇంట్లో నలుగురమే. నాయన, అమ్మ, నాయన తల్లి, నేను. నాయన తల్లిని అవ్వా అని పిలిచేదాన్ని. ముందు గదిలో గుంట మగ్గం, దాని మీద నాయన కైలీలు, అంటే లుంగీలు, నేసేవాడు. అవ్వ, అమ్మ కండెలు చుట్టేవాళ్లు. నేను బడి నుంచి రాగానే పలక అవతల పడేసి రాట్నం దగ్గర కూర్చోవాలి. ఇల్లంతా పులిసిన గంజి వాసన, రంగు నూలు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా గంజి పెట్టిన కొత్త గుడ్డ విప్పితే నాకు ఆకలేస్తుంది. ఆ వాసన తగిలే వేళకి అమ్మ అన్నం వార్చేది మరి.

నేత ఇళ్లలో పండగలు పంచాంగం చెప్పదు, మగ్గం చెబుతుంది. పడుగు మగ్గం మీద ఉన్నన్నాళ్లు ఎవరూ ఎక్కడికీ కదలకూడదు. ఎండకి, గాలికి పోగులు బిగుస్తాయి, వదులవుతాయి, ఎలుకలు కొరుకుతాయి. ఒక పడుగు అయిపోయి, ఇంకో పడుగు ఎక్కించేలోగా ఒకటి రెండు రోజులు దొరుకుతాయి. పెళ్లిచూపులైనా, చావు పరామర్శలైనా, తిరుత్తణి కొండెక్కడమైనా ఆ రెండు రోజుల్లోనే. మా నాయన్ని ఎవరైనా "ఎప్పుడొస్తావు?" అని అడిగితే తేదీ చెప్పేవాడు కాదు, "ఇంగా ఎనిమిది కైలీలు ఉండాయి" అనేవాడు. అవతలివాళ్లూ నేతవాళ్లే కాబట్టి తల ఊపేవాళ్లు.

ఆ ఇంటికి వారానికోసారి కరువాడక్క వచ్చేది. కరువాడంటే ఎండుచేప. ఆమె పేరు మాకెవరికీ తెలియదు, అడిగిన పాపాన పోలేదు. మొదటి బస్సుకి దిగి, తల మీద తట్టతో వీధులన్నీ తిరిగి, ఎండెక్కే వేళకి మా తిన్నె మీద కూలబడేది. నల్లగా, పొడుగ్గా, నవ్వితే పైపళ్ల మధ్య సందు కనబడేది. అవ్వ ఆమెకోసం ఒక మూట దాచి ఉంచేది. పడుగు అయిపోయినప్పుడు చివర మూరెడు నూలు నేతకు అందకుండా మిగిలిపోతుంది. దాన్ని కోసి పారేస్తారు. అవ్వ పారేయనిచ్చేది కాదు. ఎర్రవి, పచ్చవి, నీలివి, అన్ని కొసలూ ఏరి మూట కట్టేది. దీవిలో వాళ్లకి ఆ నూలుతో వంద పనులు. వలకు గుర్తు కట్టాలన్నా, దీపంలో వత్తి వేయాలన్నా, ఆడపిల్లకు జడ కట్టాలన్నా అదే. అక్క ఆ మూట తీసుకుని, తట్టలో నుంచి రెండు గుప్పిళ్ల ఎండు రొయ్యలు అవ్వ చాటలో పోసేది. ఎవరి కొలతా ఎవరూ చూసుకునేవాళ్లు కాదు.

ఆ రొయ్యల్లో నాలుగు నా లంగా ముడిలోకి పోయేవి. బడిలో తమిళ అయ్యవారు పాఠం చెబుతుంటే ఒక్కొక్కటీ నోట్లో వేసుకుని, నములకుండా ఉప్పు దిగేదాకా చప్పరించేదాన్ని. గంట కొట్టేసరికి ఒక రొయ్య అయ్యేది.

అక్క వస్తే అమ్మ కూడా సంతోషపడేది. చల్లో, రాగి సంగటో పెట్టేది. అయితే ఆమెకిచ్చే సత్తు లోటా ఒకటి తిన్నె మూలనున్న గూట్లో విడిగా ఉండేది. అది ఎందుకు విడిగా ఉందో మేమెవరం మాట్లాడుకోలేదు. అక్కే తీసుకుని, తాగి, తానే కడిగి, బోర్లించి పెట్టేది.

ఒకరోజు అక్కే మొదలుపెట్టింది. "పెద్దమ్మా, ఇన్నేండ్లుగా నేనే మీ ఇంటికి వస్తా ఉండాను. మీరు ఒగసారి మా దీవికి రావల్ల. ఆడినెలలో మా అమ్మవారికి తిరుళా. రాండి, నా చేత్తో ఒగ పూట కూడు తినిపోండి" అంది. ఆడినెలంటే ఆషాఢం, తిరుళా అంటే జాతర.

అవ్వ నవ్వింది. "నేను ఆరణి యేరే దాట్లేదే, సముద్రం యాడ దాటేది?"

"అది సముద్రం కాదు పెద్దమ్మా, ఏరి మాదిరే, పెద్ద చెరువనుకో. లోతు నడుముకి వస్తాది. పడవ బోల్తాపడితే లేచి నిలబడుకుంటే సాలు."

అంతే, అవ్వకి పట్టుకుంది. అరవై ఏళ్లుగా తను చుట్టిన కండెల నూలు కైలీలై పడవల్లో పోతుందని విన్నదే గాని, పడవను చూసిన మనిషి కాదు. పైగా కళ్లు మసక బారుతున్నాయి. సూదిలో దారం నాచేతే ఎక్కించుకునేది. "కండ్లు పూర్తిగా పోకముందే ఒగసారి ఆ నీళ్లు సూడల్ల. ఆయమ్మి ఇల్లు సూడల్ల" అని నాయన వెంట పడింది. అవ్వ ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడిగింది కాదు. నాయన కాదనలేకపోయాడు.

ఇక రోజూ అదే మాట. ఆరణి నుంచి పొన్నేరికి ఏ బస్సు, పొన్నేరి నుంచి పళవేర్కాడుకి ఏ బస్సు. అవ్వకి బస్సు పడదు కాబట్టి నిమ్మకాయ. పడవలో ఎవరు ఎటు కూర్చోవాలి. పడవ కదిలితే అవ్వ ఎవర్ని పట్టుకోవాలి. దారిలో తినడానికి చింతపండు అన్నమా, పెరుగన్నమా అన్నదాని మీద అమ్మకీ నాయనకీ రెండు రోజులు పోట్లాట. అక్క వచ్చినప్పుడల్లా కొత్త సంగతి చెప్పేది. వాళ్ల ఇంటి ముందు ఇసుకలో గుంట తవ్వితే మంచినీళ్లు ఊరతాయట. మేం వచ్చే పొద్దుకి కొత్త గుంట తవ్విస్తానంది. "మీ కోసరమని ఎవుర్నీ చెయ్యి పెట్టనీను, మీరే మొదట ముంచల్ల" అంది.

అవ్వ ఇంకో పని కూడా మొదలుపెట్టింది. ఆ నాలుగు నెలలు నూలుకొసల మూట అక్కకి ఇవ్వలేదు. "ఈ తూరి వేరే పని ఉండాది" అని దాచింది. మధ్యాహ్నం పూట తిన్నె మీద కూర్చుని ఆ మూరెడేసి కొసల్ని ఒకదానికొకటి ముడివేసి కండెలు చుట్టింది. ముడులున్న నూలుతో ఎవరూ నేయరు. పోగు మోసే నాడె ఆడదు, ముడి దగ్గర పోగు తెగుతుంది. నాయన విసుక్కుంటూనే, తల్లి మాట కాదనలేక, తన పడుగు చివర రెండు మూరలు దానికి వదిలాడు. అక్కకి ఆ గుడ్డ కానుక. అవ్వకి కళ్లు ఆననప్పుడు ముడులు నేను వేశాను. సగం పైన నా వేళ్లు వేసినవే. ఇది చెప్పుకోకపోతే నా తప్పు పూర్తిగా చెప్పినట్టు కాదు.

ఇక బడి సంగతి. మా తరగతిలో పౌడరు వాసన వచ్చే పిల్ల ఒకతి ఉండేది. వాళ్ల నాయనకి ఏదో ఆఫీసులో ఉద్యోగం. ఆ పిల్ల పక్కన చోటు కోసం నేను చేయని పని లేదు. లెక్కలు చూపించాను, చింతకాయలు తెచ్చిచ్చాను, మా ఇంట్లో పట్టుచీరలు నేస్తారని అబద్ధం కూడా చెప్పాను. చివరికి పక్కన కూర్చోనిచ్చింది. ఒక శనివారం వాళ్లింటికి రమ్మంది. నా కాళ్లు నేల మీద లేవు.

ఆ వారమే అక్క మా ఇంటికి వచ్చేసరికి తలుపు తాళం వేసి ఉంది. వీధి చివర ఎవరికో బాలింత స్నానమని అమ్మ, అవ్వ పోయారు. అక్క రొయ్యల పొట్లం నా చేతికిద్దామని బడికి వచ్చింది. విరామం వేళ. గేటు దగ్గర తట్టతో నిలబడి, "ఏమ్మే పాపా, ఇట్రా" అని గట్టిగా పిలిచింది. పిల్లలందరూ తిరిగి చూశారు. నేను పోలేదు. ఆమే లోపలికి వచ్చి, పొట్లం నా చేతిలో పెట్టి, బుగ్గ మీద చెయ్యి వేసి నిమిరింది. "మా పాప ఎంత బాగా చదవతాదో" అని పక్కనున్న పిల్లకు చెప్పింది.

పౌడరు పిల్ల ముక్కు మూసుకుంది. "ఈమె ఎవరు? మీ చుట్టమా?"

"కాదు. ఎవురో నాకు తెలీదు" అన్నాను.

అక్క చెయ్యి నా బుగ్గ మీద నుంచి ఇంకా తీయనేలేదు. తర్వాత తీసింది. తట్ట ఎత్తుకుని గేటు దాటి పోయింది. ఆ రోజు నుంచి తరగతిలో నా పేరు కరువాడు. పౌడరు పిల్ల వేరే బల్లకు మారింది. శనివారం మాట మళ్లీ ఎత్తలేదు.

పై వారం అక్క ఎప్పటిలాగే నవ్వుతూ వచ్చింది. బడిలో జరిగింది అవ్వకి చెప్పలేదు. నన్ను చూసి కన్ను గీటింది కూడా. చెప్పి తిట్టించి ఉంటే నా కోపం అక్కడికి తీరిపోయేదేమో. ఆమె ఊరుకోవడం వల్ల నాకు ఇంకా మండింది. తప్పు చేసింది నేనైతే కోపం నాకెందుకు రావాలి? ఈ ప్రశ్న వేసుకునే వయసు కాదనుకుందామంటే, అదీ కాదు. పన్నెండేళ్లంటే అన్నీ తెలుస్తాయి.

ఆడినెల రాబోతుండగా అక్క చెప్పింది. "నేను చేతికి కాపు కట్టుకుంటాను పెద్దమ్మా, అమ్మవారి మొక్కు. కాపు కట్టుకున్నోళ్లు తిరుళా అయ్యేదంకా ఊరు దాటకూడదు. కాబట్టి ఇంగ నేను రాను. మీ పడుగు ఎప్పుడు తెగతాదో సూసుకుని కార్డు ఒగటి వెయ్యండి. దీవి పేరేసి, ఆరణికి పోయే కరువాడక్క అని రాస్తే సాలు, నాకు సేరతాది. మా ఆయన పళవేర్కాడు రేవుకి పడవ తెస్తాడు."

"కార్డు వేస్తే చదివేది ఎవురు నీకు?" అంది అవ్వ.

అక్క నవ్వింది. "మా ఊళ్లో చదివేవాడు ఒగడే. వలలు బాగుచేసే పందిట్లో నిలబడి గట్టిగా చదవతాడు. అందురూ వచ్చి కూర్చుంటారు. ఆర్నెల్లకి ఒగ కార్డు వస్తాది, ఎవురికి వచ్చినా అది ఊరందరిదీ. నాకు ఇంతవరకూ ఒగటీ రాలేదు. ఇదే మొదటిది."

ఆమె ఈ మాట అన్నప్పుడు నేను అక్కడే రాట్నం తిప్పుతున్నాను. విన్నాను. అది నాకు తెలియదని చెప్పుకోవడానికి వీల్లేదు.

మగ్గం మీద మూడు కైలీలు మిగిలిన రోజు, శుక్రవారానికి పడుగు తెగుతుందని నాయన తేల్చాడు. అవ్వ నన్ను కార్డు తెచ్చుకుని కూర్చోమంది. మా ఇంట్లో పెద్దవాళ్లకి తమిళం మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. అవ్వ తెలుగులో చెబితే నేను తమిళంలో రాయాలి. అట్లా ఇంటి ఉత్తరాలన్నీ నా చేతి మీదుగానే పోయేవి.

"బాగుండారా అని రాయి. మేము బాగుండామని రాయి. శుక్రవారం పొద్దున తొమ్మిదికంతా రేవులో ఉంటామని రాయి. నలుగురం వస్తామని రాయి. నాకు పడవంటే బయం, మీ ఆయన్ని మెల్లిగా తొయ్యమని రాయి."

అన్నీ రాశాను. కార్డు అడుగున వేలెడు చోటు మిగిలింది. అంతకు ముందు రోజు అమ్మ ఇత్తడి బిందె చింతపండుతో తోముతూ, నాతో ఒక మాట అని ఉంది. "ఆళ్లింట్లో నీళ్లు నేను తాగలేను పాపా. ఆ వాసనకే నాకు కడుపులో తిప్పతాది. మన బిందె మనం ఎత్తుకునిపోదాం. అవ్వకి చెప్పొద్దు, నొచ్చుకుంటాది." ఆ మాట నా దగ్గర ఉంది, చేతిలో కలం ఉంది, అడుగున చోటు ఉంది. చిన్న అక్షరాలతో నాలుగు వరుసలు రాశాను.

మా అమ్మ మీ ఇంట్లో నీళ్లు కూడా తాగదు. మీ ఇంటి కరువాడు కంపు మాకు పడదు. మా నీళ్లు మేమే తెచ్చుకుంటాం. ఇకమీదట మా బడి దగ్గరికి రావద్దు.

"అన్నీ రాసినావా? ఒగసారి చదువు" అంది అవ్వ. అవ్వ చెప్పినంతవరకు చదివి ఆపాను. అవ్వ కార్డు చేతికి తీసుకుని మసక కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. శుభకార్యానికి రాసిన ఉత్తరమని లోపలికి పోయి పసుపు కలుపుకొచ్చి నాలుగు మూలలా అద్దింది. కింది మూల అద్దినప్పుడు ఆమె వేలు నా నాలుగో వరుస మీద పడింది. తర్వాత నేనే పోయి పోస్టు డబ్బాలో వేశాను. డబ్బా మూత టక్కుమని పడింది. అప్పుడు మాత్రం ఒక్క క్షణం చెయ్యి లోపల పెట్టి తీయగలనా అని చూశాను. పట్టలేదు.

శుక్రవారం తెల్లవారకముందే బయల్దేరాం. అవ్వ ఉతికిన చీర కట్టుకుని, ముడులగుడ్డని మడిచి చంకలో పెట్టుకుంది. ముడులు లోపలికి, నున్నటివైపు బయటికి వచ్చేలా మడిచింది. అమ్మ చేతిలో మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టిన ఇత్తడి బిందె. పళవేర్కాడు చేరేసరికి ఎండ వచ్చింది. అవ్వ నీళ్లను చూసి నిలబడిపోయింది. "ఇంత ఉండాదా" అంది. గట్టు మీద కూర్చుని, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, దూరంగా కనబడే ప్రతి పడవనూ "అదేనా? సూడు పాపా, ఆయమ్మి మొగుడేనా?" అని అడిగింది. రాడని నాకు అప్పటికే తెలుసు. తెలిసీ, "అది కాదవ్వా, ఇంకోటి వస్తాది" అన్నాను.

తొమ్మిది దాటింది, పది దాటింది, ఎండ నడినెత్తికి వచ్చింది. చింతపండు అన్నం ఎవరూ ముట్టలేదు. అక్క పెట్టే కూడు తినాలి కాబట్టి ఆకలి చంపుకోకూడదని అవ్వ పట్టు. అప్పుడు ఒక పడవ వచ్చి ఆగింది. ముసలాయన ఒకడు దిగి, చేపల గంప దించుతుంటే నాయన దగ్గరికి పోయి దీవి పేరు చెప్పి అడిగాడు.

ఆయన మమ్మల్ని నలుగుర్నీ పైనుంచి కిందిదాకా చూశాడు. "కార్డు రాసినోళ్లేనా మీరు?"

"ఆ, మేమే అయ్యా. ఆయమ్మకి ఒళ్లు బాగలేదా?" అంది అవ్వ, లేచి నిలబడి.

"బాగానే ఉండాది."

"మరి పడవ..."

"పడవ రాదమ్మా. మీరు పోండి." గంప తలకెత్తుకుని రెండడుగులు వేసి, అమ్మ పక్కనున్న బిందె దగ్గర ఆగాడు. "నీళ్లు తెచ్చుకోనుండారు గదా. తాగి పోండి."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అవ్వకి ఏమీ అర్థం కాలేదు. నాయనకీ అర్థం కాలేదు. అమ్మ తల తిప్పి నావైపు చూసింది. ఆ మాట అమ్మ నాతో తప్ప ఎవరితోనూ అనలేదు. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. బిందె ఎత్తి, నీళ్లన్నీ ఇసుకలో కుమ్మరించి, ఖాళీ బిందె నడుముకి పెట్టుకుని బస్సు వైపు నడిచింది.

ఇంటికి వచ్చాక అమ్మ చేసిన మొదటి పని, తిన్నె గూట్లో నుంచి ఆ సత్తు లోటా తీసుకుపోయి వంటింట్లో మా లోటాల మధ్య పెట్టడం. కన్నుమూసేదాకా అమ్మ నీళ్లు ఆ లోటాతోనే తాగింది. మా ఇద్దరి మధ్యా ఆ సంగతి ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. ఒక్కసారి, నా పెళ్లికి సామాను సర్దుతూ, "మాట నాది, రాత నీది" అంది. అంతే.

కరువాడక్క మళ్లీ మా వీధికి రాలేదు. వేరే ఎవరో ఎండుచేపలు తెచ్చారు, అవ్వ కొననీయలేదు. వారాలు గడిచాక ఒకరోజు తనలో తానే అన్నట్టు అంది. "తెగిన నూలు ఇస్తా వచ్చినాను గదా ఇన్నేండ్లు. మనం పారేసేది మూట గట్టి చేతిలో పెట్టినాను. మనసులో ఎంత నొచ్చుకునిందో. కడుపు నిండా కూడు పెడతానని పిలిచిన మనిషికి నేను చెత్త ఇచ్చినాను." నాయన కాదని ఎంత చెప్పినా వినలేదు. ఆ తర్వాత పడుగు తెగినప్పుడల్లా కొసల్ని ఏరలేదు. చీపురుతో ఊడ్చి అవతల పోసేవాళ్లు. అవ్వ అటు చూసేది కాదు.

నేను ఆ పక్కనే ఉన్నాను. ఒక్క మాట చెబితే అవ్వ మనసులో ముల్లు తీసినట్టయ్యేది. చెప్పలేదు.

ఇంతవరకు అయితే చిన్నపిల్ల చేసిన వెర్రి అని ఎవరైనా నన్ను క్షమించవచ్చు. తర్వాతిదానికి ఆ వీలు లేదు. ఏడాది తిరిగి మళ్లీ ఆడినెల వస్తుండగా, అవ్వ నన్ను పిలిచి ఇంకో కార్డు రాయమంది. అప్పటికి ఆమెకి చూపు పూర్తిగా పోయింది. "తప్పు నాదే, మన్నించమని రాయి. నూలు కొసలిచ్చి చిన్నబుచ్చాలని కాదు, దాచిపెట్టుకుని ఇచ్చినానని రాయి. నీకోసరం ఒగ గుడ్డ నేయించి పెట్టినాను, ఎప్పుడైనా వచ్చి తీసుకుపొమ్మని రాయి." ఉన్నది ఉన్నట్టు రాశాను. ఈసారి ఒక్క అక్షరం ఎక్కువ లేదు. అవ్వ తడుముకుంటూ నాలుగు మూలలా పసుపు అద్దింది.

ఆ కార్డు నేను డబ్బాలో వేయలేదు. వేస్తే జవాబు వస్తుంది. జవాబు వస్తే చదవాల్సింది నేనే అయినా, అక్కే వస్తే? వచ్చి తిన్నె మీద కూర్చుని అసలు సంగతి చెబితే? ఏటి వంతెన మీద నిలబడి ముక్కలు చేసి వదిలాను. ఆరణి ఏట్లో ఆ నెల్లో నీళ్లెక్కడివి? పసుపు మరకలున్న ముక్కలన్నీ ఇసుక మీద తేటగా పడి ఉన్నాయి. ఎవరైనా చూస్తారని భయపడి దిగి, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ ఏరి, గుంట తవ్వి పూడ్చాను. తవ్విన గుంటలో కొంచెం నీరు ఊరింది. అక్క చెప్పినట్టే తియ్యటి నీళ్లై ఉంటాయి. రుచి చూడలేదు.

అవ్వ ఇంకో రెండేళ్లు బతికింది. పోస్టు ఆయన సైకిలు గంట వినిపిస్తే తల ఆ వైపు తిప్పేది. "మనకేమన్నా ఉండాదా పాపా?" అని అడిగేది. లేదవ్వా అనేదాన్ని. అది మాత్రం నిజమే చెప్పేదాన్ని. ఆఖరి రోజుల్లో ముడులగుడ్డ నా చేతికిచ్చి, "ఆయమ్మి వస్తే ఇయ్యి. వేరే ఎవురికీ ఇయ్యొద్దు" అంది. ఇన్ని ఇళ్లు మారినా అది నా పెట్టెలోనే ఉంది. అక్క ఉండి ఉంటే ఎనభై దాటి ఉంటాయి. ఆమె పిల్లలెవరో, పేరేమిటో నాకు తెలియదు. వాళ్ల ఊరి పందిట్లో ఆ కార్డు చదివినప్పుడు ఆమె ఎక్కడ కూర్చుందో, ఎన్నో వరుస దగ్గర లేచి పోయిందో, మా కోసం తవ్వించిన గుంట ఏం చేసిందో, ఇవన్నీ నేను ఊహించుకున్నవే. ఊహించుకోకుండా ఉండగలిగితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

"అమ్మమ్మా, ఏమైంది? రావా?" అంది మనవరాలు.

లేచిపోయి పెట్టె తెరిచి గుడ్డ తెచ్చాను. విప్పి చూసి, "ఇదేంది, ఎనకంతా ముడులు?" అంది. పోయేటప్పుడు దీన్ని తీసుకుపోవాలన్నాను. అక్కడ ఎండుచేపలు అమ్మిన పాతకాలపు మనుషుల్ని అడగాలి, ఎవరో ఒకరు గుర్తుపడతారు, అంత చిన్న ఊళ్లో ఇంత పెద్ద మాట మరిచిపోరు అన్నాను. ఏ మాట అని అడిగింది. అప్పుడు చెప్పాను. ఎవరికైనా మొత్తం చెప్పడం అదే మొదటిసారి. ఆ పిల్ల మధ్యలో ఒక్కసారీ ఫోన్ చూడలేదు. నన్ను ఓదార్చలేదు కూడా. అందుకు సంతోషించాను.

గుడ్డ మడిచి నా ఒళ్లో పెట్టి, "సరి, భోజనం చేసిపెట్టే ఆమెకి మెసేజ్ పెడతాను. నువ్వు చెప్పు" అంది. తనకి తెలుగు రాయడం రాదు. నేను తెలుగులో చెబితే తను తమిళంలో కొట్టాలి.

"బాగుండారా అని రాయి. ఆదివారం ఇద్దరం వస్తామని రాయి. మీరేం వండితే అదే తింటామని రాయి."

"ఇంకా?"

"నీళ్లు మేం తెచ్చుకోము, మీ ఇంట్లోవే తాగుతామని రాయి."

రాసింది. పంపబోతుంటే ఆపి, చదివి వినిపించమన్నాను. చదివింది. నేను చెప్పినవన్నీ ఉన్నాయి. అయినా కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ నా చేతిలోకి తీసుకుని, అడుగుదాకా నేనే ఒకసారి చదువుకున్నాను.